అత్తకు ఊరు చూపించిన రోజు

రేపే పరీక్ష. గట్టెక్కితే మెడలో గైడు బిళ్ళ.
వినేవాళ్ళు కావాలి గదా,
ఇవ్దీతి అత్తని అడిగాను.
అరవై మూడేళ్ళుగా స్వానేతిలోనే, ఈ కొండల మధ్యే ఉంది,
ఊరు చూడ్డానికని ఎన్నడూ బయల్దేరలేదు.
"ఎంత తీసుకుంటావు?" అంది.
రొట్టెల కొట్టుకి తాళం పెట్టి
పెట్టె అడుగు నుంచి బూట్లు తీసి తొడుక్కుంది.
పెళ్ళికి కొన్నవట.
ఎవరి పెళ్ళో చెప్పలేదు.

ముందు బురుజు.
గొంతు సవరించుకుని కాగితం విప్పాను:
"ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. నాలుగంతస్తులు.
పగవాళ్ళ నుంచీ మంచుచరియల నుంచీ
ఇంటిల్లిపాదినీ కాచిన రాయి."
అత్త చెయ్యెత్తింది, బళ్ళో పిల్లలా.
"రెండో అంతస్తులో మా నల్లమేక ఈనింది.
మా నాన్న తాగొచ్చిన రాత్రి
అమ్మ మమ్మల్ని పైకెక్కించి నిచ్చెన లాగేసుకుంది.
అది చెప్పవా?"
కాగితంలో లేదన్నాను.
"పగవాళ్ళ గురించే రాసుకున్నారన్నమాట" అంది,
రాతిగోడని అరచేత్తో తట్టి,
పిండి ముద్దని తట్టినట్టు.

మ్యూజియంలో టికెట్లిచ్చే సియూరి
రోజూ ఆమె దగ్గరే రొట్టె కొంటుంది,
ఏప్రాన్ లేకపోయేసరికి పోల్చుకోలేక
పరదేశీల ధర చెప్పింది.
అత్త మారుమాట్లాడకుండా కట్టేసింది.
అద్దం వెనక ఒక కొయ్య ఉయ్యాల.
దాని ముందు మాత్రం
దేవతా పటాలన్నిటి ముందూ నిలబడినదానికన్నా
ఎక్కువసేపు నిలబడింది.
నేను ఆ శతాబ్దం పేరు చెప్పాను.
విన్లేదు.

వేలాడే వంతెన దాటాక దేవదారు చీకటి.
కాళ్ళ కింద నది బూడిదరంగు గొంతుతో అరుస్తోంది.
చేతికర్రలు పట్టుకున్న ఇద్దరు పోలండు వాళ్ళు
హిమనదికి దారి ఇదేనా అని అడిగారు.
నా వంక చూసి, వాళ్ళ వంక చూసి
"నాకేం తెలుసు, నేనూ చూడ్డానికొచ్చినదాన్నే" అంది
ఎంత గర్వంగానో.

గంట నడిచాక
మనిషెత్తు బండ దగ్గర ఆగిపోయింది.
"ఇక్కడ."
ఏంటత్తా?
"మంచు. ఇక్కడిదాకా ఉండేది.
ఆగస్టులో మా నాన్న వేటమాంసం ఈ బండ పక్కనే పాతేవాడు,
తియ్యడానికొస్తే నా వేళ్ళు కొంకర్లు పోయేవి."
ఇప్పుడక్కడ నడుమెత్తు భూర్జ మొక్కలు,
ఎండలో ఒక సీతాకోకచిలుక.
నా కాగితంలో ఉంది:
ఇక్కడి నుంచి మంచు అంచుకి నలభై నిమిషాలు.
ఆ వాక్యం నోటిదాకా వచ్చి
మళ్ళీ లోపలికే పోయింది.
మూట విప్పాం. ఉడికించిన బంగాళాదుంపలు,
వెల్లుల్లి, ఎండు బంతిరేకులు కలిపి నూరిన మా ఉప్పు.
ఒక చిటికెడు ఉప్పు బండ మీద కూడా పెట్టింది.
ఎందుకని అడగలేదు.
గైడు అన్నీ అడక్కూడదేమో.

దిగేటప్పుడు శిలువ గుట్ట మీంచి
ఊరంతా అరచేతిలో పట్టేంత.
తన ఇల్లు ఎక్కడో తెలీలేదామెకి.
ఇంతకాలం లోపలి నుంచే కదా చూసింది.
ఒక్కో కప్పూ లెక్కపెట్టి, తప్పి, మళ్ళీ మొదలెట్టి,
చివరికి వేలు చాపింది:
"అదిగో, పొగ రానిది. అదే మనది."

ఇంటికొచ్చాక
గోరువెచ్చటి నీళ్ళలో పాదాలు పెట్టాను.
మడమలు రెండూ బొబ్బలెక్కాయి.
కొత్త బూట్లు కరుస్తాయిలే అన్నాను.
"ముప్పై ఎనిమిదేళ్ళు పెట్టెలో కూర్చోబెడితే
ఏ బూట్లకైనా కోపం రాదా?"
అని నవ్వి,
నవ్వు సగంలో ఆపి,
కొలిమిలో నిప్పు రాజెయ్యమంది.
రేపటి పిండి ఇంకా కలపలేదట.

పరీక్షలో బురుజు గురించే అడిగారు.
ఎనిమిది వందల ఏళ్ళన్నాను, నాలుగంతస్తులన్నాను,
రెండో అంతస్తు దగ్గర కాస్త ఆగాను.
పరీక్షాధికారి కళ్ళెత్తి చూశాడు.
"తర్వాత?"
"ఒక నల్లమేక," అన్నాను.